బాంబు విమానము - న్యాయస్థానము

(పఠన మందిరమున గావించిన ప్రసంగము)



1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణ రేవుపైనను, కాకినాడ వద్ద నోడలపైనను బాంబులు వైచినంతనే మన తీరవాసులు ఇండ్లు వాకిళ్లు విడిచి పల్లెలకు బాఱిరి. అవి కొలది బాంబులే. మూడేండ్లకు ఆ జపానుపైనే కురిసిన నిప్పును గూర్చియు, దానిని మోసిన విమానమును గూర్చియు నేడు ముచ్చటింప దలచితిమి.

ఆ విమానము బి-29. 1942 సెప్టెంబరు 21న అమెరికాలోని సియాటిల్ నగరమున ఎడ్డీ ఆలెన్ నడుపగా దాని తొలి ప్రయోగరూపము ఆకాశమున కెగసెను. ముప్పదివేల అడుగుల ఎత్తున సైతము సిబ్బంది సుఖముగ నూపిరి పీల్చుటకై గదులలో గాలి నదిమి నింపిరి. కాని యంత్రములు మాటిమాటికి మంటల పాలగుచుండెను. తేలికకై వానియందు వాడిన మెగ్నీషియము అంటుకొన్నచో నార్పుట దుస్సాధ్యము. 1943 ఫిబ్రవరి 18న రెండవ ప్రయోగ విమానము మండుచు వచ్చి యొక మాంసపు కర్మాగారముపై గూలెను. ఆలెన్‌తో గూడ విమానమందలి పదునొకండుగురును, క్రింద పనిచేయుచున్న కూలీలు పలువురును మృతులైరి. ఈ విమానమువలన మరణించిన తొలి పౌరులు దానిని నిర్మించిన నగరమువారే!

1943 కఱవునుండి వంగదేశ మింకను తేరుకొనకమునుపే ఖరగ్‌పూరు ప్రాంతమున వీనికి విమానాశ్రయములు సిద్ధమయ్యెను. 1944 జూన్ 5న అచటినుండియే బ్యాంకాకుపై మొదటి దాడి సాగెను. మన యనుమతి నెవ్వ రడిగిరి?

జపాను కర్మాగారములను మిక్కిలి యెత్తునుండి గుఱిచూచి కొట్టవలెనని మొదటి సంకల్పము. అచటి పైగాలుల వేగమునకును, మేఘములకును గుఱి తప్పెను. అంత సేనాని కర్టిస్ లెమే, అంత శ్రమించి సాధించిన యెత్తును విడిచి, రాత్రివేళ తక్కువ యెత్తున బోయి కొయ్య యిండ్ల పేటలపై మండెడు గుజ్జు పెట్రోలు కురిపింపు డనెను. 1945 మార్చి 9-10 రాత్రి 279 విమానములు టోక్యోపై నట్లే చేసెను. సుమారు పదునాఱు చదరపు మైళ్లు భస్మమయ్యెను. లక్షమంది వఱకు మరణించిరి. పదిలక్షలమందికి నిలువ నీడ లేకపోయెను. మంటకు వెఱచి కాలువలలో దిగినవారును పెక్కుమంది బ్రతుకలేదు. ఆగస్టు 6న హిరోషిమాపై, 9న నాగసాకిపై అణుబాంబులు వైచినవియు ఈ జాతి విమానములే.

ఇది నేరము కాదా యని న్యాయవాదులమైన మమ్ము పలువు రడిగిరి. పౌరులను భయపెట్టుటకై చేయు బాంబుదాడిని 1923 నాటి హేగు నియమావళి నిషేధించెను గాని యది చిత్తుప్రతిగనే నిలిచిపోయెను. అణుబాంబు బాధితులు అయిదుగురు తమ ప్రభుత్వముపై దావా తేగా, 1963 డిసెంబరు 7న టోక్యో జిల్లా న్యాయస్థానము ఆ దాడులు అంతర్జాతీయ న్యాయమునకు విరుద్ధములని నిర్ణయించెను. నిర్ణయించి, దావాను కొట్టివేసెను! వ్యక్తులకు ఆ న్యాయము క్రింద పరిహార మడుగు హక్కు లేదట; దేశమున కున్న హక్కును జపాను సంధిపత్రమున వదలుకొన్నదట. తప్పు కలదు, నష్టపడినవారు కలరు. తప్పు చేసినవాడు మాత్రము బోనులో లేడు. ఇట్టి తీర్పును మా వృత్తిలో వేఱొకటి చూడలేదు.

నగరమునంతటిని ఒకే లక్ష్యముగ నెంచి బాంబులు వేయుటను 1977 నాటి జెనీవా అనుబంధ ఒడంబడిక స్పష్టముగ నిషేధించెను. అమెరికా సంతకము చేసియు ధ్రువపఱుపలేదు. మన దేశమును అందు చేరలేదు. ఏల చేరలేదో తెలుపుడని పార్లమెంటు సభ్యులకు బంపదగిన విజ్ఞప్తి నొకదానిని వ్రాసి తెచ్చితిమి. కాగితము బల్లపై నున్నది. చదివి, సమ్మతించినవారు సంతకము చేయ గోరుచున్నాము.