మల్టీవిటమిన్ రోజూ వేసుకోవాలా? మా అమ్మ విషయంలో నేను చేసిన పొరపాటు

ఈ ఎపిసోడ్ సికింద్రాబాద్‌లో మా ఇంటి డాబా మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నాను. మధ్యలో రైలు కూత వినిపిస్తే ఏమీ అనుకోకండి, పట్టాలు పక్కనే.

మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, ఏ మల్టీవిటమిన్ తీసుకోమంటావ్?" రెండేళ్ల కింద అడిగి ఉంటే టకటకా మూడు పేర్లు చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పలేను. ఎందుకో చెప్తాను. ముందే ఒక మాట, నేను డాక్టర్ని కాదు. ఇంట్లో ఎదురుదెబ్బ తగిలి తెలుసుకున్నవాణ్ణి, అంతే.

మా అమ్మకి 56 ఏళ్లు. గుడ్డు కూడా ముట్టదు. షుగర్‌కి తొమ్మిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది. రెండేళ్ల కింద బాగా నీరసం, కాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.8. నేనేం చేశాను? ఫోన్ తీసి, రేటింగ్ చూసి, "ఇరవై ఒక్క పోషకాలు" అని రాసున్న డబ్బా ఒకటి ఆర్డర్ పెట్టాను. మెడికల్ షాపులో అడిగి ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్రలు కూడా తెచ్చాను. డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. ఎందుకు వెళ్లాలి, రివ్యూలు చదివాను కదా!

మూడు నెలల్లో హిమోగ్లోబిన్ 11.6 అయింది. నీరసం కూడా కొంచెం తగ్గింది. ఇంట్లో నేనే హీరో.

కానీ తిమ్మిర్లు తగ్గలేదు. పెరిగాయి. ఒకరోజు అమ్మ మోండా మార్కెట్‌లో కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చింది. ఎడమకాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తనకి తెలియనే తెలియదు. "ఏమోరా, ఉందనే అనుకున్నా" అంది. అప్పుడు నాకు భయమేసింది.

డాక్టర్‌గారు అడిగిన మొదటి ప్రశ్న, "మెట్‌ఫార్మిన్ ఎన్నాళ్లుగా?" రెండోది, "బీ12 ఎప్పుడైనా చూపించారా?" ఎప్పుడూ చూపించలేదు. చూపిస్తే 128 వచ్చింది. మామూలుగా 200 కంటే తగ్గితే లోపం అంటారు. ఆయన మా పాత రక్త పరీక్ష కాగితం తీసి ఒక లైన్ మీద వేలు పెట్టారు. ఎంసీవీ 108. అంటే ఎర్ర రక్తకణాలు ఉండాల్సిన దానికంటే పెద్దగా ఉన్నాయన్నమాట. బీ12 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ తగ్గితే అలా అవుతుంది. ఐరన్ తక్కువైతే కణాలు చిన్నవవుతాయి, పెద్దవి కావు. ఆ నంబరు ముదురు అక్షరాల్లోనే ఉంది. నేను హిమోగ్లోబిన్ లైన్ ఒక్కటే చదివాను.

ఇక్కడ అసలు సంగతి వినండి. రక్తం తయారవడానికి ఫోలిక్ యాసిడ్, బీ12 రెండూ కావాలి. ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా ఇస్తే బీ12 లేకపోయినా రక్తం పని కొంతవరకు నడిచిపోతుంది. కానీ నరాల చుట్టూ ఉండే పొరకి బీ12 కావాల్సిందే, దానికి ఫోలిక్ యాసిడ్ పనికిరాదు. అంటే రిపోర్టు బాగుపడుతుంటుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. నేను తెచ్చిన మాత్రలు మా అమ్మకి ఆ పనే చేశాయి. మరి మల్టీవిటమిన్‌లో బీ12 లేదా అంటే, ఉంది. ఒక మైక్రోగ్రాము. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లు వాడితే కొందరిలో పేగులు బీ12ని సరిగ్గా తీసుకోవు. అలాంటి మనిషికి ఆ ఒక్క మైక్రోగ్రాము ఏ మూలకి? అందుకే డాక్టర్లు ఇంజెక్షన్లు, లేదా వెయ్యి మైక్రోగ్రాముల మాత్రలు రాస్తారు. అంత పెద్ద డోసులో దాదాపు ఒక శాతం దానంతట అదే లోపలికి వెళ్తుంది.

ఈ ఫోలిక్ యాసిడ్ కథలో మనవాడు ఒకాయన ఉన్నారు, తెలుసా? యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములను తీసుకుపోయింది. ఆ జబ్బులో రక్తం పూర్తిగా క్షీణిస్తుంది. అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకి అది ప్రాణం పోసింది. అయితే పెర్నిషియస్ ఎనీమియా అనే ఇంకో జబ్బుకి అదే ఇచ్చినప్పుడు డాక్టర్లు ఒక వింత గమనించారు. రక్తం బాగవుతోంది, నరాలు మాత్రం బాగవట్లేదు, కొందరికి ఇంకా చెడిపోతున్నాయి. కారణం బీ12. దాన్ని విడదీసింది 1948లో, సుబ్బారావుగారు పోయిన సంవత్సరమే. మందు గొప్పదే. ఏ లోపానికి ఏది అన్నదే ప్రశ్న. డెబ్బై ఏళ్ల కింద డాక్టర్లకి తెలిసిన విషయం, చేతిలో ఫోన్ పెట్టుకుని నాకు తెలియలేదు.

మన పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఎన్ఐఎన్. బస్సులో ఎన్నిసార్లు ఆ గేటు ముందు నుంచి పోయుంటామో! 1918లో తమిళనాడు కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకి మొదలై, 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. ఇక్కడ జొన్న ఎక్కువగా తినే పేదల్లో పెల్లగ్రా ఉండేది. చర్మం నల్లబడి పగులుతుంది, విరేచనాలు, తర్వాత మతి చెదరడం. నియాసిన్ అనే బీ విటమిన్ లోపం అది. సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా 1960లో ఆ జొన్న సంబంధం మీదే పరిశోధన ప్రచురించారు. అలాంటివాళ్లకి విటమిన్ మాత్ర నిజంగా మందే. తిండిలో లేనిది ఇచ్చారు, మనిషి లేచాడు. మనం కొనే డబ్బా సంగతి అలా కాదు. బాగానే తినేవాళ్లం "ఎందుకైనా మంచిది" అని మింగుతాం.

అలా మింగితే ఏమైనా ఒరుగుతుందా? అమెరికాలో 50 దాటిన 14,641 మంది మగ డాక్టర్లకి, కొందరికి మల్టీవిటమిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పదేళ్లకి పైగా చూశారు. 2012లో ఫలితాలు వచ్చాయి. గుండె జబ్బుల్లో తేడా లేదు. క్యాన్సర్లు 8 శాతం తగ్గాయి, అంటే ఏదో కొంచెం. 2024లో దాదాపు 3,90,000 మంది మీద ఇంకో పరిశీలన వచ్చింది. రోజూ వేసుకున్నవాళ్లేమీ ఎక్కువకాలం బతకలేదు. ఇక పొగతాగేవాళ్లు బీటా కెరోటిన్ మాత్రలకి దూరంగా ఉండండి. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకి అవి ఇస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని 1994లోనే తేలింది.

మరి ఎవరికి అవసరం? గర్భం కోసం ప్రయత్నిస్తున్న అమ్మాయిలకి ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, దీనిలో డౌట్ లేదు, బిడ్డ వెన్నెముక కోసం. మాంసం, గుడ్డు తినకుండా పాలు, పెరుగు కూడా తక్కువ తీసుకునేవాళ్లు బీ12 చూపించుకోవాలి. ఇడ్లీ పిండి పులిస్తే బీ12 వస్తుందని వాట్సాప్‌లో తిరిగేది నమ్ముకోకండి. రక్తహీనత ఉన్న ఆడవాళ్లకి ఐరన్. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అయితే మల్టీవిటమిన్‌లో ఉండే కాస్త ఐరన్ దానికి చాలదు. ఏ రకం రక్తహీనతో తెలిశాకే మందు. మాత్ర మింగి వెంటనే టీ తాగితే ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటలు గ్యాప్ ఇవ్వాలి.

విటమిన్ డి దగ్గర ఆగండి. 60,000 యూనిట్ల క్యాప్సూల్ సాధారణంగా వారానికి ఒకటి, అదీ కొన్ని వారాలే. నాకు తెలిసిన ఒకతను రోజుకొకటి చొప్పున నెల వేసుకున్నాడు. వాంతులు, విపరీతమైన దాహం, కాల్షియం పెరిగి ఆస్పత్రిలో చేరాడు. బీ కాంప్లెక్స్ ఎక్కువైతే పసుపుపచ్చ మూత్రంలో పోతుంది, డి అలా పోదు, ఒంట్లో పేరుకుంటుంది.

సరే, ఇవన్నీ విన్నాక కూడా కొంటానంటారా? కొనండి, తప్పేం లేదు. డబ్బా వెనక తిప్పి చూడండి. ప్రతి విటమిన్ పక్కన రోజువారీ అవసరంలో ఎంత శాతమో ఉంటుంది. వంద దగ్గర ఉంటే చాలు, వెయ్యి శాతం ఉంటే గొప్ప కాదు. ఫుడ్ సప్లిమెంట్ అయితే ఎఫ్ఎస్ఎస్ఏఐ పద్నాలుగు అంకెల లైసెన్స్ నంబర్ ఉండాలి. "ప్రొప్రైటరీ బ్లెండ్" అని రాసి ఏది ఎంతో చెప్పకపోతే వదిలేయండి. గమ్మీలు అంటారా, నా అభిప్రాయంలో అవి చాక్లెట్ రేటుకి పదింతలు పెట్టి కొనే చాక్లెట్లు. చాలా గమ్మీల్లో ఐరనే ఉండదు.

అమ్మ సంగతి చెప్పి ఆపేస్తాను. మొదట రోజు విడిచి రోజు ఇంజెక్షన్, తర్వాత వారానికొకటి. మూడు నెలలకి నడక సర్దుకుంది. చెప్పు జారితే ఇప్పుడు తెలుస్తుంది. కుడికాలి బొటనవేలు, పక్క వేలు మాత్రం ఇంకా మొద్దుగానే ఉన్నాయి. ఆరు నెలలు ముందు వచ్చి ఉంటే అవి కూడా తిరిగొచ్చేవేమో అన్నారు డాక్టర్‌గారు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఇరవై ఒక్క పోషకాల డబ్బాని ఖాళీ చేసి, కడిగి, జీలకర్ర పోసుకుంది.