పాస్‌పోర్టు: అవసరం పడిన రోజున కాదు, అంతకు ముందే

(కుటుంబ పత్రాలపై అవగాహన కొరకు రాయచోటిలో ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగ పాఠం)





ఈ సభకు ఆహ్వానిస్తూ నిర్వాహకులు మాకు ఒక ప్రశ్న ఇచ్చారు. “విదేశాలకు వెళ్ళే ఆలోచన లేనివారికి కూడా పాస్‌పోర్టు అవసరమా?” మన ప్రాంతంలో ఈ ప్రశ్న వింతగా వినిపించవచ్చును. రాయచోటి, రాజంపేట, కడప ప్రాంతాలలో కువైట్ మాట వినిపించని వీధి లేదు. అయినా ఒక సంగతి గమనించండి. మన ఇళ్ళలో పాస్‌పోర్టు ఎవరి వద్ద ఉన్నది? సంపాదనకు వెళ్ళినవాని వద్ద ఉన్నది. అతని తల్లి వద్ద లేదు. భార్య వద్ద లేదు. చదువుకుంటున్న కూతురి వద్ద లేదు. మిగిలినవారికి దానితో పని లేదని మనమే తీర్మానించుకున్నాము. ఆ తీర్మానం ఎంత ఖరీదైనదో తెలిపే ఒక ఉదంతాన్ని ముందుగా మీ ముందు ఉంచుతాము.

పదవీ విరమణ తరువాత మేము కొందరు మిత్రులతో కలసి ఆదివారాలలో మసీదు వరండాలో కూర్చుని దరఖాస్తులు నింపిపెడుతున్నాము. కొన్నేళ్ళ క్రితం ఒక చెల్లెమ్మ పదేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె భర్త దమ్మామ్‌లో ఒక ఇంట డ్రైవరు. మెదడులో రక్తస్రావమై ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. అతని యజమాని మంచివాడు. భార్యను పంపితే వీసా తానే ఏర్పాటు చేస్తానని కబురు చేశాడు. టిక్కెట్టుకు బంధువులు డబ్బు పోగుచేశారు. లేనిది ఒక్కటే, పాస్‌పోర్టు.

ఆమె సంచిలోని కాగితాలు తీసి బల్లపై పరిచాము. ఆధార్‌లో ‘షేక్’ అన్న ఇంటిపేరును ఆంగ్లంలో అయిదు అక్షరాలతో వ్రాశారు. బ్యాంకు పుస్తకంలో అదే పేరుకు ఆరు అక్షరాలు ఉన్నవి. ఒక కాగితంలో పేరు చివర ‘బీ’ అని, మరొక దానిలో ‘బేగం’ అని ఉన్నది. పుట్టిన తేదీ ఆధార్‌లో జనవరి 1. బడి రికార్డులో వేరొక నెల, వేరొక సంవత్సరం. తత్కాల్‌లో ప్రయత్నిద్దామంటే ఒకదానితో ఒకటి సరిపోయే పత్రాలు మూడు కూడా లేవు. ముందు ఆధార్ సరిచేయించి, తరువాత దరఖాస్తు పెట్టి, పోలీసు విచారణ ముగించి, పాస్‌పోర్టు ఆమె చేతికి వచ్చేసరికి నలభై ఏడు రోజులు పట్టినవి. ముప్పై ఒకటవ రోజున ఆమె భర్త మరణించాడు. జనాజా అక్కడే జరిగింది. ఆ నీలిరంగు పుస్తకం ఇప్పటికీ ఆమె పెట్టెలో ఉన్నది. అందులో ఒక్క ముద్ర కూడా పడలేదు.

ఇందులో తప్పు ఎవరిది? ఆ చెల్లెమ్మది మాత్రం కాదు. ఈ సభలో మేము ఒక మాట దాచకుండా చెప్పవలసి ఉన్నది. ముప్పై మూడు సంవత్సరాలు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి, రేషన్ కార్డులకు, ధ్రువపత్రాలకు మేమే పేర్లు వ్రాశాము. పనుల ఒత్తిడిలో, వరుస పొడవుగా ఉన్నదన్న తొందరలో, చెవికి వినిపించినట్లుగా వ్రాశాము. ‘మహమ్మద్’ను రెండు అక్షరాలకు కుదించాము. వయస్సు అడిగితే “ముప్పై ఉంటుంది సార్” అన్నవారికి జనవరి 1 వేసి ముందుకు సాగిపోయాము. ఆనాడు మా కలం మిగుల్చుకున్న అర నిమిషం ఈనాడు ఒక కుటుంబానికి నెలల ఆలస్యమైనది. పదవీ విరమణ తరువాత మేము వరండాలో కూర్చోవడానికి కారణం అదే.

ఇక ప్రశ్నకు వద్దాము. పాస్‌పోర్టు ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. విదేశ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, అది రాజ్యాంగం 21వ అధికరణ పరిధిలోనిదని సుప్రీంకోర్టు 1967లో సత్వంత్ సింగ్ కేసులో చెప్పినది. ఆ తీర్పు వెలువడిన సంవత్సరమే పాస్‌పోర్టుల చట్టం వచ్చినది. 1978లో మేనకా గాంధీ కేసులో, ఆ స్వేచ్ఛను హరించే విధానం న్యాయంగా, సహేతుకంగా ఉండితీరాలని అదే న్యాయస్థానం స్పష్టం చేసినది. దరఖాస్తును తిరస్కరిస్తే కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలని చట్టం చెబుతున్నది. అప్పీలుకూ అవకాశం ఉన్నది. కనుక కౌంటరు ముందు మనం యాచకులం కాము, పౌరులం.

హక్కు ఉన్నంత మాత్రాన అందరూ రేపే పరుగెత్తవలసిన పని లేదు. 36 పుటల పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు. తత్కాల్ అయితే మరొక 2,000. కూలిపని చేసే కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. నేపాల్, భూటాన్‌లకు భారతీయులు పాస్‌పోర్టు లేకుండానే ఓటరు కార్డుతో వెళ్ళవచ్చును. విశాఖపట్నం నుండి చెన్నైకి విహారనౌకలో వెళ్ళాలని ఉత్సాహపడే యువకులకు కూడా మామూలు గుర్తింపు కార్డు చాలును. ఓడ పరాయి దేశపు రేవులో ఆగేటట్లయితేనే పాస్‌పోర్టు కావాలి. అందువలన ప్రతి కుటుంబం ఒక వరుస పెట్టుకొనవలెనని మా సలహా.

మొదటి వరుసలో, గల్ఫ్‌లో ఉన్నవారి భార్యలు, తల్లిదండ్రులు. కారణం ఇంతకు ముందే చెప్పాము.

రెండవది, హజ్, ఉమ్రా సంకల్పం ఉన్న పెద్దలు. మన తాతల కాలంలో బొంబాయి రేవు నుండి జిద్దాకు ఓడలో వెళ్ళేవారు. ఆ ఓడ ప్రయాణం 1995తో ఆగిపోయినది. ఇప్పుడు హజ్ కమిటీకి దరఖాస్తు చేయాలంటేనే చేతిలో గడువున్న పాస్‌పోర్టు ఉండాలి. ప్రకటన వచ్చిన తరువాత కాగితాలు వెదకడం మొదలుపెట్టినవారిలో చాలామంది ఆ సంవత్సరం వెనుకబడిపోతున్నారు. 2018 నుండి 45 ఏళ్ళు దాటిన స్త్రీలు మహ్రమ్ లేకుండా బృందంగా వెళ్ళే వీలు కల్పించారు. వితంతువులైన మన తల్లులు ఈ సంగతి తెలుసుకొనవలెను. అరవై ఏళ్ళు దాటినవారికి కొత్త పాస్‌పోర్టు రుసుములో పదిశాతం తగ్గింపు ఉన్నది.

మూడవది, డిగ్రీ చదువుతున్న పిల్లలు. ముఖ్యంగా ఆడపిల్లలు. “ఆడపిల్లకు పాస్‌పోర్టు దేనికి, పెళ్ళయితే వాళ్ళే తీయించుకుంటారు” అనే మాట మేము ప్రతి ఆదివారం వింటున్నాము. విదేశ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిన పిల్ల పాస్‌పోర్టు లేక ఆగిపోతే, ఆ నష్టాన్ని అత్తవారు పూడ్చరు. పెళ్ళి తరువాత పేరు మార్చుకొనవలెననే నియమం ఏదీ లేదు. 2016 డిసెంబరులో నిబంధనలు సవరించిన తరువాత వివాహ ధ్రువపత్రం ఇవ్వవలసిన అవసరం కూడా తొలగిపోయినది. తల్లిదండ్రులలో ఒక్కరి పేరుతోనే దరఖాస్తు చేయవచ్చును. భర్త వదిలివేసిన స్త్రీల పిల్లలకు ఇది పెద్ద ఊరట.

మిగిలినవారు తొందరపడనక్కరలేదు. కాని వారు కూడా పేర్ల సవరణ మాత్రం నేటి నుండే మొదలుపెట్టవలెను. అసలు కష్టం పాస్‌పోర్టు పొందడంలో లేదు. దాని వెనుక ఉన్న కాగితాలలో ఉన్నది.

మీ ఇంట్లో పదవ తరగతి లోపు పిల్లలుంటే, బోర్డుకు నామినల్ రోల్స్ వెళ్ళకముందే బడికి వెళ్ళి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ స్వయంగా చదివి చూడండి. సర్టిఫికెట్టు అచ్చయిన తరువాత మార్పు చాలా కష్టం. 2023 అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. మనుమడు పుట్టిన సంతోషంలో మిఠాయి పంచే ముందు నమోదు చేయించండి. ఆధార్‌లో పేరు మార్చడానికి జీవితంలో రెండే అవకాశాలు, పుట్టిన తేదీకి ఒక్కటే. కనుక ముందు ఒక కాగితంపై మీ పూర్తి పేరు ఆంగ్ల అక్షరాలలో ఎలా ఉండాలో కుటుంబమంతా కూర్చుని నిర్ణయించుకొని, తరువాతే కౌంటరుకు వెళ్ళండి.

దరఖాస్తులో ఇంటిపేరు గడి, పేరు గడి రెండూ నింపండి. పొడి అక్షరాలు వాడకండి. 2022 నవంబరులో యు.ఏ.ఈ. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసాపై ప్రవేశం లేదని ప్రకటించినప్పుడు, ఒక గడి ఖాళీగా వదిలినవారు ఎంత ఆందోళన పడ్డారో మేము చూశాము.

పదవ తరగతి ప్రస్తావన వచ్చినది కనుక మరొక మాట. పది ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈ.సి.ఆర్. తరగతిలోకి వస్తుంది. అటువంటివారు ఉద్యోగం కొరకు గల్ఫ్‌కు వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి పొందాలి. కొందరు ఏజెంట్లు దీనిని తప్పించడానికి సందర్శక వీసాపై పంపుతున్నారు. ఆ దారిలో వెళ్ళిన మనిషికి అక్కడ ఆపద వస్తే ఒప్పందమూ ఉండదు, బీమా కూడా ఉండదు. అనుమతితో వెళ్ళినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద పది లక్షల రూపాయల రక్షణ ఉన్నది. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు మాత్రమే. మన ఊరి నుండి ఇంటిపనికి వెళ్ళే తల్లులకు ఈ తేడా తెలియజెప్పడం మనందరి బాధ్యత.

అదే విధంగా, తొందర తీరుస్తామనే దళారుల మాట నమ్మి దొంగ సర్టిఫికెట్టు పెట్టకండి. తప్పుడు సమాచారంతో పాస్‌పోర్టు పొందితే రెండేళ్ళ వరకు జైలుశిక్ష ఉన్నది. పోలీసు విచారణకు దరఖాస్తుదారు విడిగా చెల్లించవలసిన రుసుము ఏదీ లేదు. అడిగితే మర్యాదగానే నిరాకరించండి. ఒంటరిగా నిరాకరించడం కష్టమైతే మాతో రండి.

ఇక్కడ కొందరు యువకులు అడగలేక అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉన్నది. ఏదో ధర్నాలో పాల్గొన్నందుకు కేసు పడినది, ఇక పాస్‌పోర్టు ఆశ వదులుకోవాలా అని. అక్కరలేదు. క్రిమినల్ కేసు కోర్టులో పెండింగులో ఉంటే తిరస్కరించవచ్చునని చట్టంలో ఉన్న మాట నిజమే. అయితే 1993 నాటి ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం, కేసు విచారిస్తున్న కోర్టు అనుమతిస్తే పాస్‌పోర్టు ఇస్తారు. దరఖాస్తులో మాత్రం కేసు సంగతి దాచకండి. దాచడం వేరొక నేరమవుతుంది.

చివరగా భయం గురించి. 2025లో బీహార్ ఓటరు జాబితా సవరణలో ఎన్నికల సంఘం అడిగిన పదకొండు పత్రాలలో పాస్‌పోర్టు ఒకటి. ఆ వార్త వచ్చిన తరువాత మా వరండాలో వరుస పెరిగింది. భయపడి వచ్చినవారికి కూడా మేము దరఖాస్తు నింపాము, కాని ఒక మాట చెప్పాము. మన పౌరసత్వం ఒక పుస్తకంతో పుట్టలేదు, ఆ పుస్తకం లేనందువలన పోదు. అయినా అడిగినప్పుడు చూపడానికి సక్రమమైన కాగితం ఉండడం వివేకం. భయంతో పరుగెత్తేవాడు దళారి చేతిలో పడతాడు. తెలివితో నడిచేవాడు తన కాగితాలు తానే సరిచేసుకుంటాడు.

సోదరులారా, మా విన్నపం చిన్నది. ఈ రాత్రి ఇంటికి వెళ్ళిన తరువాత ఇనుప పెట్టె తెరవండి. ఇంటిల్లిపాది కాగితాలు ఒకచోట పరచండి. పేర్లు, తేదీలు సరిపోల్చండి. పాస్‌పోర్టులు ఉన్నవారు గడువు తేదీ చూడండి. అనేక దేశాలు ఆరు నెలల గడువు మిగిలి ఉంటేనే లోనికి అనుమతిస్తాయి. ప్రతి మసీదులో చదువుకున్న ఇద్దరు యువకులు వారానికి రెండు గంటలు ఒక బల్ల వేసి కూర్చుంటే చాలును. ఒకప్పుడు దరఖాస్తు కొరకు హైదరాబాదు వరకు వెళ్ళవలసి వచ్చేది. ఇప్పుడు కడప తపాలా కార్యాలయంలోనే కేంద్రం ఉన్నది. దూరం తగ్గినది. తగ్గవలసినది మన అశ్రద్ధ.

ఆ చెల్లెమ్మ ఇప్పుడు మా వరండాలో మాతోపాటు కూర్చుంటున్నది. వచ్చిన స్త్రీల కాగితాలలో అక్షరాలు లెక్కపెట్టడం ఆమె పని. మా కంటికి తప్పిపోయిన తప్పులను కూడా ఆమె పట్టుకుంటున్నది. ఆమె అనుభవం మరొక ఇంటికి రాకూడదని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము.