లేచి రాలేనివారి లెక్క

హైటెక్ సిటీలో కొలువు చేసే పిల్లలు, నగరంలో ఏదో ఒక ఆశ్రమంలో అమ్మానాన్నలు. ఇది మనకిప్పుడు కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లోని 41 వృద్ధాశ్రమాల్లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు ‘హోమ్స్’ అనే అధ్యయనం చేశారు. అరవై దాటిన 1,182 మందిని పరీక్షిస్తే సుమారు 30 శాతానికి చూపు మందగించింది. ప్రధాన కారణాలు శుక్లాలు, సరైన కళ్లద్దాలు లేకపోవడం. రెండింటికీ వైద్యముంది, అందాలంతే.

ఇలాంటి సర్వేలకు కొత్తగా వచ్చే కుర్రవాళ్లకు ప్రశ్నావళి దిద్దిపెట్టే గురువులు దొరుకుతారు. పక్కనే కూర్చుని, “బామ్మగారికి వినబడలేదు, మళ్లీ అడుగు. మంచం దిగలేని తాతగారి దగ్గరికి నువ్వే వెళ్లు” అనేవాళ్లే కావాలి. లేచి రాలేనివారిని వదిలేస్తే లెక్క చక్కగానే కుదురుతుంది, కాకపోతే అబద్ధం. డబ్బు కట్టే ఆశ్రమమా, ఉచితమా అన్న గడి ఫారంలో ఉందో లేదో కూడా బయల్దేరకముందే చూడమనాలి.