మన ఖనిజానికి తగిన హైడ్రోజన్

కోటవురట్లలో ఇనుము గురించి మాట్లాడటానికి సాకు వెతుక్కోనక్కర్లేదు. రోజుకు 1,500 టన్నుల గ్రీన్ హైడ్రోజన్ లక్ష్యంతో ఈ జిల్లాలోనే, పూడిమడకలో, 2025 జనవరి 8న ఒక హబ్‌కు శంకుస్థాపన జరిగింది. పక్కనే విశాఖ ఉక్కులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. పూడిమడక సరుకును ప్రధానంగా ఎగుమతులకే తలపెట్టారు. అందులో కొంత ముందుగా ఈ కొలుములకు దక్కాలని నా వాదన.

కోక్ లేకుండా హైడ్రోజన్‌తోనే స్పాంజ్ ఐరన్ చేయొచ్చు కదా, పాత కొలుములెందుకని మీరు అడగొచ్చు. ఆ పద్ధతి శుభ్రమైనదే, చిక్కంతా ఖనిజంతోనే. అక్కడ ఖనిజం కరగదు. అందులోని సిలికా, అల్యూమినా ఇనుముతోపాటే ఎలక్ట్రిక్ ఫర్నేసుకు చేరి కరెంటునూ సున్నాన్నీ మింగుతాయి, పోతూ కొంత ఇనుమునూ పట్టుకుపోతాయి. అందుకే 67 శాతం ఇనుమున్న సరుకు కావాలంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఖనిజం మేలైనదే గానీ విశాఖ ఉక్కుకు సొంత ఇనుప గనుల్లేవు, కొనుక్కోవాలి. దేశంలో మిగతా ఖనిజంలో చాలామటుకు అల్యూమినా ఎక్కువ. బ్లాస్ట్ ఫర్నేసు ఆ మాలిన్యాన్ని కరిగించి స్లాగ్‌గా వేరుచేస్తుంది, అది సిమెంటుకు పనికొస్తుంది. ఇదీ ఊరికే రాదు: ఖనిజం నాసి అయ్యేకొద్దీ స్లాగూ కోకూ పెరుగుతాయి, అల్యూమినా ఆ స్లాగ్‌ను చిక్కబరుస్తుంది.

హైడ్రోజన్‌కూ హద్దుంది. ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేటప్పుడు అది వేడిని తీసుకుంటుంది, చల్లగా ఎక్కువ పంపితే కొలిమి చల్లారుతుంది. పైగా లోపలి బరువును మోస్తూ వాయువులకు దారి ఇచ్చేది కోకే. కాబట్టి టుయేర్ల (కొలిమిలోకి వేడిగాలి ఊదే గొట్టాల) నుంచి పంపే హైడ్రోజన్ లెక్కలు టన్ను ఇనుముకు 27 కిలోల దగ్గర ఆగుతాయి, కర్బన ఉద్గారాలు ఐదో వంతు తగ్గుతాయి. జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో 2019లో, జంషెడ్‌పూర్‌లో 2023లో దీన్ని ఉత్పత్తి కొలుముల్లోనే పరీక్షించారు. జపాన్‌లో వేడిచేసిన హైడ్రోజన్‌తో 43 శాతం తగ్గించారు, కాకపోతే 12 ఘనపు మీటర్ల ప్రయోగ కొలిమిలో.

కోక్‌ను ఇంకా బతికిస్తున్నామన్న ఆక్షేపణ నిజమే. కానీ కొలుములు ఎలాగూ మండుతున్నాయి, ఐదో వంతు చిన్నది కాదు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది కరెంటు. విశాఖ మూడు కొలుముల పూర్తి సామర్థ్యమైన ఏటా 75 లక్షల టన్నుల హాట్ మెటల్‌కు (కరిగిన ఇనుముకు) రోజుకు 550 టన్నుల హైడ్రోజన్ కావాలి, అంటే పూడిమడక లక్ష్యంలో మూడో వంతు పైనే. కిలోకు 50 యూనిట్లు దాటుతుంది కనుక రోజుకు దాదాపు 3 కోట్ల యూనిట్లు. అది బొగ్గు కరెంటైతే కొలిమిలో తగ్గిన పొగకు మూడింతలకు పైనే విద్యుత్ కేంద్రంలో లేస్తుంది. అందుచేత సౌర, పవన విద్యుత్తు చేతికొచ్చిన మేరకే, ముందు ఒక్క కొలిమితో, అందులోనూ కొన్ని టుయేర్లతో, స్లాగ్ చిక్కదనాన్ని షిఫ్టు షిఫ్టుకూ కొలుస్తూ మొదలుపెట్టాలి.