ఏం రాశారో పైకి చదవండి

ఈరోజు మెకానికల్ పట్టా అందుకుంటున్న పిల్లలందరికీ నా అభినందనలు.

నేనూ కోయిలకుంట్ల బడిలో చదువుకున్నవాడినే. ఆ తర్వాత బతుకంతా హైదరాబాదు బాలానగర్ మెషిన్ షాపుల్లో గడిచింది. అక్కడ నేర్చుకున్న ఒక సంగతి మీకు చెప్పాలని వచ్చాను.

ఒక చిన్న వర్క్‌షాపులో సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్ మీద పనికి కుదిరి అప్పటికి నాలుగు నెలలైంది. అల్యూమినియం దిమ్మలో గాడి తీయాలి. తీశాక టూల్ దిమ్మకు 50 మిల్లీమీటర్ల ఎత్తుకు లేచి, పక్కకు జరగాలి. ప్రోగ్రాంలో ఎత్తుకు జెడ్ 50 అని రాశాను. 50 తర్వాత దశాంశ చుక్క పెట్టలేదు. చుక్క లేని అంకెను ఆ మెషిన్ మైక్రాన్లుగా చదువుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. టూల్ దిమ్మకు 50 మైక్రాన్ల ఎత్తుకే లేచింది, తలవెంట్రుక మందమంత కూడా కాదు. ఆ మరుక్షణమే పూర్తి వేగంతో పక్కకు ఉరికి, దిమ్మను పట్టి ఉంచిన క్లాంపును గుద్దుకుంది. టూల్ పుటుక్కున విరిగింది. నాకంటే ముందు ఇద్దరు రెండు రోజులు కష్టపడ్డ దిమ్మ పాడైంది.

మా సీనియర్ ఒక్క మాట తిట్టలేదు. విరిగిన ముక్క నా అరచేతిలో పెట్టి, "ఏం రాసినవో పైకి చదువు" అన్నాడు. ముక్క ఇంకా వెచ్చగానే ఉంది. ఆ లైను దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పెగల్లేదు.

పాత లేత్ మీద పనిచేసేవాడికి హ్యాండిల్ బరువెక్కగానే చేతికి తెలిసిపోతుంది. చప్పుడు మారితే చెవికి తెలుస్తుంది. సీఎన్‌సీకి అలా తెలిసే చెయ్యి, చెవి లేవు. మీ అంకె ఒప్పయినా తప్పయినా అంతే నమ్మకంగా అమలు చేస్తుంది. అందుకే పూచీ అంతా అంకె రాసినవాడిదే.

ఈ సీఎన్‌సీ విద్య హెలికాప్టర్ రెక్కల దగ్గర పుట్టింది. వాటి వంపుల్ని చేతి లెక్కలతో అందుకోలేక అమెరికాలో జాన్ పార్సన్స్ అంకెలతో మెషిన్ నడిపించే దారి వెతికాడు. 1952లో ఎంఐటీలో చిల్లుల టేపు చదువుకుని నడిచే మిల్లింగ్ మెషిన్ సిద్ధమైంది. 1963లో అక్కడే ఐవాన్ సదర్లాండ్ కంప్యూటర్ తెర మీద గీత గీసి చూపించాడు. ఇక బాలానగర్‌లో 1970లో మొదలైన ఎంటార్ సంస్థ ఇస్రోకు వికాస్ ఇంజన్లు చేసి ఇచ్చే స్థాయికి ఎదిగింది. చంద్రయాన్-3ని మోసుకెళ్లిన రాకెట్‌లో రెండు వికాస్ ఇంజన్లున్నాయి.

అలా తెర మీద గీసే క్యాడ్‌లో ఒక కొలత మారిస్తే దానితో ముడిపడ్డ కొలతలన్నీ మారతాయి. దీన్ని చూసి మొదట్లో నేను అబ్బురపడ్డాను. తర్వాత మన పక్కనున్న ఆళ్లగడ్డ శిల్పులు గుర్తొచ్చారు. వాళ్ల నవతాళంలో ముఖం పొడవు ఒక తాళం, నిలువెత్తు విగ్రహం తొమ్మిది తాళాలు. తాళం మారిస్తే విగ్రహమంతా దాని ప్రకారం పెరుగుతుంది, తరుగుతుంది. ఉలి పట్టేముందు కొలత కట్టడం మన సీమకు కొత్తేమీ కాదు.

మరి ఈ విద్యతో మీరు ఇక్కడ ఏం చేయగలరు? బేతంచెర్ల వైపు నాపరాళ్ల పాలిషింగ్ మిషన్లున్నాయి, మన నల్లరేగళ్లలో శనగ నూర్చే మిషన్లున్నాయి. గేరు పన్ను ఒకటి విరిగితే పని నిలిచిపోతుంది. మిషన్ పాతదైతే స్పేర్ దొరకదు. అప్పుడు విరిగిన గేరును మీ బల్ల మీద పెట్టండి. పళ్లు లెక్కపెట్టండి, 30 అనుకుందాం. వెర్నియర్‌తో బయటి వ్యాసం కొలవండి, 96 మిల్లీమీటర్లు. మామూలు తిన్నని పళ్ల గేరుకు ఆ 96ను పళ్లకు రెండు కలిపిన 32తో భాగిస్తే పంటి సైజు తెలిపే మాడ్యూల్ 3. ఇక తెర మీద గేరు గీయొచ్చు. అయితే అరిగిన గేరు కొలత కొంచెం తక్కువ చూపించొచ్చు. 95.6 వచ్చిందని అదే గీస్తే కొత్త గేరు కూడా అరిగినట్టే తయారవుతుంది. ఈ తేడా పట్టే పని సాఫ్ట్‌వేర్‌ది కాదు, మీది.

ఇంకా నేర్చుకోవాలనుకునేవాళ్లకు బాలానగర్‌లో 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో వెలసిన కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ ఉంది. వెళ్లండి, నేర్చుకోండి. మీలో ఇద్దరైనా తిరిగివచ్చి ఇక్కడ షెడ్డు వేయండి. కొత్త ప్రోగ్రాం ఎక్కించిన ప్రతిసారీ మెషిన్‌ను ఒక్కో లైనుకు ఆగే సింగిల్ బ్లాక్‌లో పెట్టి, ఒక్కో లైను పైకి చదివి, చుక్కలు చూసుకుని, ఆ తర్వాతే స్టార్ట్ నొక్కండి. మీ షెడ్డులో మొదటి గేరు తయారైన రోజు నాకు కబురు పెట్టండి. బస్సెక్కి వస్తాను.