పట్టా



నేను ముప్ఫై ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీల్లో వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి. గంట కొట్టేదాకా ఆపడం తెలియని నోరు. ఈ స్నాతకోత్సవంలో గంట లేదు. నా మాట పొడుగైతే ముందు వరుస వాళ్లు ఒకసారి ఆవులించండి, అర్థం చేసుకుంటాను.

శాస్త్రం సమాజాన్ని ఎట్లా మారుస్తుందో చెప్పమన్నారు. ఈ అంశం మీద ప్రసంగాలు మీరు బోలెడు విని ఉంటారు. గెలీలియో దుర్భిణితో మొదలై, ఆవిరి యంత్రం మీదుగా వచ్చి, చేతిలో ఫోను దగ్గర ఆగుతాయి. వాటిలో కరీంనగర్ ఉండదు. ఆదిలాబాద్ అసలే ఉండదు. మార్పు ఎక్కడో తయారై మనకు పార్సిల్లో వస్తుందన్నట్టు ఉంటుంది ఆ లెక్క. నాకది ఎప్పుడూ మింగుడుపడలేదు.

1871లో భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు పొరను గుర్తించాడు. ఆ బొగ్గు తవ్వకమే గోదావరి వెంట పైకి పాకి బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని లాంటి ఊళ్లను నిలబెట్టింది. ఆ కథ మీకు నేను చెప్పనక్కర్లేదు, మీలో కొందరి తాతలు బాయి దిగినవాళ్లే. నేను చెప్పదలచింది బొగ్గు సంగతి కాదు, ఆ బొగ్గున్న రాతికి పెట్టిన పేరు సంగతి.

అదే దశాబ్దంలో హెన్రీ మెడ్లికాట్ అనే మరో భూగర్భ శాస్త్రవేత్తకు ఈ రకం పొరలకు ఒక పేరు కావలసి వచ్చింది. ఆ నేల గోండులదని చూసి 'గోండ్వానా' అన్నాడు. 1885 నాటికి వియన్నాలో ఎడ్వర్డ్ సూస్ అనే శాస్త్రవేత్త ఆ పేరును ఇంకా పెద్దది చేశాడు. నాలుక ఆకారంలో ఉండే గ్లాసోప్టెరిస్ అనే ఆకు అచ్చులు మన దగ్గరి పొరల్లో ఉన్నాయి, ఆఫ్రికాలో ఉన్నాయి, దక్షిణ అమెరికాలో ఉన్నాయి. ఇవన్నీ ఒకప్పుడు ఒకే నేల అయ్యుండాలన్నాడాయన. దాన్ని గోండ్వానా లాండ్ అన్నాడు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో ప్రాణాలు వదిలిన స్కాట్ బృందం, అడుగు తీసి అడుగు వేయలేని స్థితిలో కూడా, దాదాపు 16 కిలోల రాళ్లను బండి మీద ఈడ్చుకొచ్చింది. ఆ రాళ్లలోనూ ఈ ఆకే ఉంది. క్లాసులో ఈ ముక్క చెప్పినప్పుడల్లా ఆఖరి బెంచీ కూడా తల ఎత్తేది.

అట్లా గోండుల పేరు ఒక మహాఖండానికి ఎక్కింది. మరి ఆ పేరుగల మనుషులకు అప్పుడు ఏం జరుగుతోంది?

అడవికి గీతలు పడుతున్నాయి. ఫలానా గీతకు అవతల రిజర్వు అడవి, అక్కడ నాగలి పెడితే జరిమానా, గుడిసె వేస్తే తగలబెట్టడం. గీతకు ఇవతల మంచి నల్లరేగడి ఉంటే, కాగితం రాయించుకోగలిగిన బయటివాడు వచ్చి పట్టా చేయించుకునేవాడు. గోండుకు నేల తెలుసు, వాగు తెలుసు, ఏ గుట్ట మీద ఎప్పుడు ఏ పువ్వు పూస్తుందో తెలుసు. తెలియనిది కాగితం ఒక్కటే. సర్వే, పటం, అటవీ విజ్ఞానం ఇవన్నీ ఆ కాలపు కొత్త శాస్త్రాలు. వాటిలో తప్పేమీ లేదు. కానీ అవి ఆదిలాబాదుకు వచ్చేసరికి, ఇక్కడ ఎవరి చేతిలో బలముందో వాళ్ల చేతికే అందాయి. 1940లో గోండు నాయకుడు కుమురం భీం జోడేఘాట్ గుట్టల్లో తుపాకులకు ఎదురు నిలిచింది ఆ కాగితం మీదే.

భీం చనిపోయాక గానీ నిజాం ప్రభుత్వానికి, ఈ మనుషులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలన్న ఆలోచన పుట్టలేదు. అప్పుడు పంపింది ఒక మానవశాస్త్రవేత్తను. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్, సూస్ ఉన్న వియన్నాలోనే పుట్టినవాడు. యుద్ధం మొదలయ్యేసరికి జర్మన్ పాస్‌పోర్టుతో ఇండియాలో దొరికిపోయి, హైదరాబాద్ సంస్థానం దాటకుండా ఉండవలసి వచ్చిన మనిషి. ఆయన చేసిన పరిశోధన వినడానికి చాలా చిన్నది. జైనూరు దగ్గర మర్లవాయిలో గుడిసె వేసుకుని, భార్య బెట్టీతో కలిసి ఉండి, గోండీ నేర్చుకుని, వాళ్లు చెప్పింది రాసుకున్నాడు. భూమి పోవడమే కారణమని తేల్చాడు. ఈ సంగతి జోడేఘాట్‌లో ఏ పిల్లవాణ్ణి అడిగినా చెప్పేవాడు. కానీ సర్కారు ఆ పిల్లవాణ్ణి అడగదు కదా, నివేదికనే చదువుతుంది.

1943లో మర్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. వేల కుటుంబాలకు భూమి పట్టాలు వచ్చాయి. బెట్టీ 1987లో హైదరాబాదులో చనిపోతే మర్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు, ఆయన అస్థికలు కూడా తర్వాత ఆమె పక్కకే చేరాయి. నేను రెండుసార్లు వెళ్లి చూశాను. హైమెండార్ఫ్‌ను నేను దేవుణ్ణి చేయను. తుపాకీ మోత విన్నాక భయపడిన ప్రభుత్వం పంపిన శాస్త్రం అది. భీం ముందు, హైమెండార్ఫ్ తర్వాత. ఈ వరుస తిరగేసి చెప్పేవాళ్లు ఎదురైతే ఒప్పుకోకండి.

ఆ మర్లవాయి బడి గురించి ఒక విచిత్రం ఉంది. గోండీకి లిపి లేదనుకుని మొదటి వాచకాలు నాగరి అక్షరాల్లో వేశారు. అక్కడికి ఎంతో దూరం లేని నార్నూరు మండలం గుంజాలలో, సొంత అక్షరాలతో రాసిన గోండీ పుస్తకాలు అప్పటికే కొన్ని ఇళ్లల్లో భద్రంగా ఉన్నాయి. వాటిలో కొన్ని సుమారు 1750 నాటివని అంచనా. ఈ శతాబ్దంలో పరిశోధకులు జయధీర్ తిరుమలరావు గారి బృందం వాటిని బయటి లోకానికి చూపించింది. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. పత్రికలు 'కనుగొన్నారు' అని రాశాయి. మన భాషలో 'కనిపెట్టడం' అంటే కొత్తగా కనుగొనడం, 'కనిపెట్టుకుని ఉండటం' అంటే కాపలా కాయడం, బాగోగులు చూడటం. గుంజాలలో రెండో పని ముందు జరిగింది. చెదలు పట్టకుండా, వానకు తడవకుండా, చదవగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలిన రోజుల్లో కూడా, ఆ ఇళ్లవాళ్లు ఆ కాగితాలను కనిపెట్టుకుని ఉన్నారు.

ఇక మా వైపు వస్తాను. మాది జగిత్యాల నుంచి ధర్మపురి పోయే తోవలో ఒక ఊరు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల పెద్ద ఊరేగింపు జరిగినప్పుడు నేను అక్కడే డిగ్రీ చదువుతున్నాను. ఊరేగింపులో నడిచానని చెప్పుకుంటే ఇవాళ బాగానే ఉంటుంది, కానీ నేను ఒక దుకాణం గోడెక్కి చూశాను. అంతే. చెప్పుల్లేని కాళ్లు ఎన్ని నడిచాయో, ఎంతసేపు నడిచాయో. కాగితం మీద వెట్టి 1976 చట్టంతోనే పోయింది. మా ఊళ్లో మాత్రం దొర గడీలో నీళ్లు మోసేవాళ్లు ఆ రోజు దాకా మోస్తూనే ఉన్నారు. గోండులకు కాగితం లేక నేల పోయింది, మాకు కాగితం ఉన్నా మనిషి విడుదల కాలేదు. ఆ అక్టోబరులో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. అయినా కావడి మోసే మనిషి కావడి దించేశాడు. మళ్లీ ఎత్తలేదు.

అప్పటికి మా ఇంట్లో రోజువారీ తిండి గటక, దొడ్డు బియ్యం. సన్నబియ్యం పండుగకు. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చింది. అందరూ బీపీటీ అంటారు. మా నాయిన ఆశపడి రెండెకరాల్లో పెట్టాడు. కాల్వ నీళ్లు ఆలస్యమై నాట్లు వెనకపడ్డాయి. వాటి మీద ఒక ఈగ పడింది. దోమంత ఉంటుంది, కడుపు ఎర్రగా ఉంటుంది, ఆకు మీద గుడ్డు పెడుతుంది. పురుగు ఆకు మీది మంచు తడిలో జారుతూ కిందికి, పిలక పెరిగే మొవ్వులోకి పోతుంది. అక్కడ కూర్చుని తింటుంటే పిలక కాస్తా ఉల్లికాడలా తెల్లటి గొట్టం అయిపోతుంది. ఇక దానికి కంకి రాదు. అదే ఉల్లికోడు. మా నాయిన ఒక గొట్టాన్ని లాగి, గోటితో చీల్చి నా అరచేతిలో పెట్టాడు. లోపల ఎర్రటి పురుగు, గోధుమ గింజలో సగం లేదు.

"బొటనీ సదివినవ్ గద, దీనికి మందేందో చెప్పు" అన్నాడు.

నా దగ్గర ఆ పురుగు లాటిన్ పేరు తప్ప ఏమీ లేదు.

మందు జగిత్యాల దగ్గరి పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చింది, డబ్బాలో కాదు, గింజలో. బాపట్ల సాంబ మసూరిని, ఉల్లికోడును తట్టుకునే వరంగల్ రకం కావ్యతో సంకరపరిచి తీసిన జగిత్యాల సన్నాలు. చదువుకోని మా పెద్దమ్మ కూడా ఆ పేరు తప్పు లేకుండా అనేది. ఇక్కడ ఒక మాట కొంచెం గట్టిగానే అంటాను. ఆ విత్తనం 1978కి ఇరవై ఏళ్లు ముందు వచ్చి ఉంటే మా ఊళ్లో ఏమయ్యేది? దొర గరిసెలు నిండేవి. కూలికి దొడ్డు వడ్లే కొలిచేవాళ్లు. వెట్టి పోయాక వచ్చింది కాబట్టే అది మా ఇంటి కంచంలోకి వచ్చింది. కొత్త ఆలోచన ముందొచ్చి దారి ఊడ్చింది, కొత్త విత్తనం ఆ దారిన నడిచింది. ఆదిలాబాదులో పటం ముందొచ్చింది, న్యాయం వెనక వచ్చింది. మధ్యలో ప్రాణాలు పోయాయి.

పొలాసలో పని అయిపోయిందని అనుకోకండి. పురుగు కూడా చదువుకుంటుంది. మన దేశంలో ఉల్లికోడు ఇప్పటికి 7 రకాలుగా విడిపోయింది. ఒక చోట తట్టుకున్న వరి ఇంకో చోట లొంగిపోతుంది. ఫల్గుణ అనే రకం మంచి పేరు తెచ్చుకుని, 1980లలో శ్రీకాకుళం వైపు కొత్త రకం పురుగుకు దొరికిపోయింది. అందుకే పరిశోధనా స్థానాల్లో ఏటేటా అదే పని, అదే మడి, అదే గొట్టాల లెక్క. పత్రికలకు ఎక్కే పని కాదది.

ఇప్పుడు హుజూరాబాద్, జమ్మికుంట, శంకరపట్నం దిక్కు పోతే యాసంగిలో ఇంకో దృశ్యం కనిపిస్తుంది. హైబ్రిడ్ విత్తనం కోసం వేసే ఆడమగ వరి. 1970లో చైనాలోని హైనాన్ దీవిలో, వరి శాస్త్రవేత్త యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి అడవి వరిలో పుప్పొడి పనిచేయని ఒక మొక్క దొరికింది. హైబ్రిడ్ వరి చాలా మటుకు దాని మీదే లేచింది. దేశంలో అమ్ముడయ్యే హైబ్రిడ్ వరి విత్తనంలో చాలా భాగం పండేది కరీంనగర్, వరంగల్ పొలాల్లోనే. పొద్దున తొమ్మిదిన్నర దాటాక పూలు విచ్చుకుంటాయి. అటు గట్టు మీద ఒకరు, ఇటు గట్టు మీద ఒకరు తాడు పట్టుకుని, మగ వరుసల తలలను ఊపుతూ నడుస్తారు. పుప్పొడి పొగలా లేచి ఆడ వరుసల మీద పడుతుంది. మధ్యాహ్నానికి పూలు మూసుకుంటాయి. ఒక పూట తప్పితే ఆ పూట గింజలు తప్పినట్టే. దీన్ని మెచ్చుకోవాలో, బాధపడాలో నాకు ఇప్పటికీ తేలలేదు. డబ్బులు కళ్లజూసిన రైతులున్నారు. కానీ పండిన గింజ తన గింజ కాదు, దాచుకుని మళ్లీ విత్తితే అదే పంట రాదు. మా నాయిన వేప ఆకు వేసి కుండలో దాచిన విత్తనం ఏటికేడు దుకాణంలో కొనే సంచి అయింది. ఇక్కడ శాస్త్రం ముందొచ్చేసింది. దాని వెనక రావలసిన ఆలోచన, విత్తనం ఎవరిది, నష్టం ఎవరిది అన్న మాట, ఇంకా తోవలోనే ఉంది. వ్యవసాయం చదివిన పిల్లలూ, లా చదివిన పిల్లలూ ఈ హాల్లోనే ఉన్నారు. ఒకరినొకరు పరిచయం చేసుకున్నారో లేదో నాకు తెలియదు.

పొద్దున ఇక్కడికి వస్తుంటే బస్టాండు దగ్గర గౌను చేతిమీద వేసుకుని నిలబడ్డ ఒక అబ్బాయిని కారులో ఎక్కించుకున్నాను. ఇంటివాళ్లు రాలేదా అని అడిగాను. "మా అవ్వ రాలె సార్, పొలం పువ్వు మీదున్నది. తాడు గుంజవట్టె" అన్నాడు. గడియారం చూసుకున్నాను, తొమ్మిదీ ముప్ఫై అయిదు. ఇప్పుడు పదకొండు దాటింది. ఇంకో గంటలో ఆ పూలు మూసుకుంటాయి, ఆమె తాడు చుట్టేసి ఇంటికి పోతుంది. బాబూ, నువ్వు ఎక్కడ కూర్చున్నావో నాకు కనిపించడం లేదు. ఒంటిగంటకు మీ వైపు బస్సుందన్నావు కదా, అది తప్పిపోనీయకు.