ప్లాను మారినప్పుడు ఎవరిని అడగాలి?



ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది అపార్ట్‌మెంట్ ప్లానుల గురించి. మన సంఘానికి దీనితో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. ముంబయి, పుణె, బెంగళూరు, చెన్నై నగరాల్లో మనవాళ్లు తరతరాలుగా ఉంటున్నారు. కొందరు అప్పు చేసి ఫ్లాటు కొనుక్కున్నారు. కొందరు అద్దెకుంటున్నారు. మరికొందరు ఆ భవనాలకు ఇటుకలు మోశారు, ఇప్పుడు అందులోనే ఇంటిపని చేస్తున్నారు. ఒకసారి మంజూరైన ప్లాను తరువాత మారితే, ఆ భారం వీళ్లందరి మీదా పడుతుంది. అందుకే ఆ మార్పును ఎవరు, ఎప్పుడు పరిశీలిస్తారో మనకు తెలియాలి.

ఢిల్లీ పక్కనున్న నోయిడాలో జరిగింది చూద్దాం. అక్కడి సూపర్‌టెక్ ఎమరాల్డ్ కోర్టుకు 2005లో మంజూరైన ప్లానులో 14 టవర్లు ఉన్నాయి. ఒక్కొక్కటి గ్రౌండు ఫ్లోరు మీద 9 అంతస్తులు. 2006లో ఆ ప్లాను మారింది. 2009లో మళ్లీ మారి, 24 అంతస్తుల జంట టవర్లు వచ్చి చేరాయి. 2012లో వాటినే 40 అంతస్తుల దాకా పెంచుకోవచ్చని అనుమతి వచ్చింది. పచ్చని తోట అని కొన్నవాళ్లకు చూపించిన చోట కొత్త టవరు లేచింది. పక్క భవనానికి కనీసం 16 మీటర్ల దూరం ఉండాల్సింది, 9 మీటర్లే మిగిలింది.

చట్టం ప్రకారం నివాసుల సమ్మతి తీసుకోవాలి. తీసుకోలేదు. ప్లాను చూపించండి అని నివాసులు అడిగితే, చూపించవచ్చా అని అధికార సంస్థ బిల్డరునే అడిగింది. బిల్డరు వద్దన్నాడు. వీళ్లకు ప్లాను అందలేదు. చివరికి నివాసుల సంఘం 2012లో అలహాబాదు హైకోర్టుకు వెళ్లింది. టవర్లు కూల్చాలని 2014లో తీర్పు వచ్చింది. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2022 ఆగస్టు 28న ఆ రెండు టవర్లనూ పేల్చివేశారు.

న్యాయం గెలిచింది, నిజమే. కానీ గెలవడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఆ టవర్లలో డబ్బు కట్టినవాళ్లు వడ్డీతో తిరిగి ఇవ్వాలన్న ఆదేశం కోసం ఎదురుచూశారు. మొదటి రోజే అధికారి కాగితం సరిగా చదివి, నివాసులను పిలిచి అడిగి ఉంటే ఇదంతా ఉండేది కాదు. పునాది తవ్వకముందు చేసే పరిశీలనకు ఒక్క సమావేశం చాలు. తరువాతైతే బాంబులు కావాలి.

నోయిడాలో కార్పొరేటర్లు లేరు. ఎన్నికైన నగర పాలక మండలి లేకుండా అధికార సంస్థే అన్నీ చూస్తుంది. మన నగరాల సంగతేమిటి? బెంగళూరులో పాలక మండలి గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. ముంబయిలో 2022 మార్చిలో ముగిసింది. ఆ తరువాత ఏళ్ల తరబడి రెండు చోట్లా అధికారుల పాలనే సాగింది. మన వార్డు తరఫున లేచి, ఈ మార్పు ఎందుకు అని అడిగే గొంతు సభలో లేకుండా పోయింది. కార్పొరేషన్ ఎన్నికలు మనకెందుకులే అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

2016 నాటి రెరా చట్టం 14వ సెక్షను మనకు ఒక ఆయుధం ఇచ్చింది. మంజూరైన లేఅవుటును, ఉమ్మడి స్థలాలను మార్చాలంటే, కొన్నవారిలో మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. బిల్డరు లెక్కలోకి రాడు. ఎన్ని ఫ్లాట్లు కొన్నా ఒకరికి ఒక్క ఓటే.

కానీ ఈ లెక్కలో అద్దెకున్నవాళ్లు లేరు. పక్క బస్తీవాళ్లు లేరు. అంతస్తులు పెరిగితే నీళ్ల ట్యాంకరు ముందుగా ఆగేది ఎవరి వీధికి? మురుగు ముందుగా పొంగేది ఎవరి గుమ్మంలో? ముంబయిలోని కామాఠీపురకు ఆ పేరు తెలంగాణ నుండి వెళ్లి ఆ నగరాన్ని కట్టిన కామాఠీల వల్లనే వచ్చింది. ఆ పేటను తిరగగట్టే ప్రణాళికలూ ఇప్పుడు సాగుతున్నాయి. కట్టినవాళ్ల వారసులు అక్కడే ఉంటారా, ఊరి చివరకు పోతారా అన్నది ఆ ప్లాను కాగితాల్లోనే తేలుతుంది.

కాబట్టి మేము కోరేది ఇది. మీ వీధిలో ప్లాను మార్పు నోటీసు కనబడితే ఫోటో తీసి సంఘానికి పంపండి. చదవడం రాని పెద్దలకు చదివి వినిపించండి. పాత ప్లాను, కొత్త ప్లాను రెండూ ఇవ్వమని సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అభ్యంతరాన్ని గడువులోపల, రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. సంతకాలు సేకరించేటప్పుడు ఫ్లాటు యజమాని దగ్గర ఆగిపోకండి. వాచ్‌మన్ దగ్గరకు, పనిమనిషి దగ్గరకు, పక్క బస్తీకి కూడా వెళ్లండి. అక్కడే మన పని మొదలవుతుంది.